ముందు వాడిపోయేదే ముందు పొయ్యెక్కాలి: ఒడిశాలోని పర్లాకిమిడిలో మా వారం వంట లెక్క

ఇంట్లో పారేసే తిండిని తగ్గించాలనుకున్న మొదటి వారం వంటలో ఏమీ మార్చలేదు. పారేసేవన్నీ రెండు గిన్నెల్లో వేసి, రాత్రి పడుకోబోయే ముందు తూచి, క్యాలెండర్ గడిలో రాసుకున్నానంతే. తొక్కలు, గింజలు ఒక గిన్నెలోకి, తినాల్సింది తినలేక పారేసినవి రెండోదాంట్లోకి. రెండో గిన్నెలో ఎక్కువ పడ్డవి మూడే: మిగిలిన అన్నం, వాడిపోయిన ఆకుకూర, సగం వాడి వదిలేసినవి, అంటే గుమ్మడి ముక్క, కొబ్బరి చిప్ప, కొత్తిమీర కట్ట. కూర బాగోలేక పారేసింది దాదాపు లేదు. తప్పు వండటంలో లేదు, కొనడంలోనూ కొన్న తర్వాత వరసలోనూ ఉందని అక్కడే తేలింది.

అన్నానిది కొలత తప్పు. ఇంట్లో పెద్దవాళ్లం ముగ్గురం, ఒక పాప. ఎవరైనా వస్తారేమోనని ఒక గ్లాసు ఎక్కువ పోయడం అలవాటు. మా స్టీలు గ్లాసుకు 200 గ్రాముల బియ్యం పడుతుంది. 100 గ్రాముల బియ్యం ఉడికితే ఇంచుమించు 300 గ్రాముల అన్నం. కూర, పప్పు ఉంటే మా పెద్దవాళ్లలో ఒక్కొక్కరికి పూటకు అది సరిపోతుంది (ఒళ్లు వంచి పనిచేసేవాళ్లకు చాలదు), పాపకు 70 గ్రాముల బియ్యం చాలు. అంటే పూటకు 370 గ్రాములు, రెండు గ్లాసులకు కాస్త వెలితి. రోజుకు రెండు పూటల చొప్పున నెలకు 22 కిలోలు. ప్రాధాన్య కుటుంబాల రేషన్ కార్డు మీద తలకు 5 కిలోల లెక్కన నలుగురికి వచ్చేది 20. 2023 జనవరి నుంచి దానికి డబ్బు కట్టక్కర్లేదు. ఆ రెండు కిలోల లోటుకు దుకాణానికి వెళ్లకుండా వారానికి రెండు రాత్రులు చోడి పిండి వాడుతున్నాం. ఒడియావాళ్లు మండియా అనేది అదే. అలా నెలకు మూడు కిలోల దాకా బియ్యం మిగులుతోంది.

రేషన్ బియ్యంలో తేలికగా, నీళ్లలో తేలే గింజలు కనిపిస్తే ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి గింజల్లా ఒత్తినవి అవి. 100 కిలోల బియ్యానికి 1 కిలో చొప్పున కలిపినవి. ఏరకండి, అరచేతులతో రుద్ది రుద్ది కడగకండి.

ఇక సంత. పోగు ధర చూసి మోసపోయేది ఇక్కడే. రెండు కిలోల టమాటా పోగు 40 రూపాయలకు వస్తుంది, కిలో తీసుకుంటే 25 అంటారు. పోగే లాభం అనిపిస్తుంది. అందులో 800 గ్రాములు కుళ్లిపోతే మిగిలిన కిలోంపావు కూడా లేని కాయలకు 40 ఇచ్చినట్టు. అంటే కిలో 33 పడింది. సాయంత్రం సంత ఎత్తేసే వేళ ఆకుకూర కట్టలు చవగ్గా ఇస్తారు. ఆ రాత్రికో మర్నాటికో వండేటన్నే తీసుకోవాలి. నాలుగో కట్టను కొసరుగా ఇచ్చినా వద్దనడం నేర్చుకోవడానికి నాకు నెల పట్టింది. మా నలుగురికి వారానికి కూరగాయలు ఐదు కిలోలు, ఉల్లి కిలోన్నర, ఆలు ఒక కిలో. ఇంతకు మించితే వారం చివర బుట్టలో ఏదో ఒకటి మెత్తబడి కనిపిస్తుంది.

సంతకు వెళ్లే ముందు ఏ రోజు ఏ కూరో రాసుకునే పద్ధతి రెండు వారాలు చూశాను. పనికిరాలేదు. మంగళవారం బెండకాయ అని రాస్తే ఆ వారం బెండకాయ ముదురుగా ఉంటుంది, లేదా మండిపోయే ధర. ఇప్పుడు సంచి ఇంటికి వచ్చాకే రాస్తాను, అదీ కూరల పేర్లు కాదు, ఏది ఎన్నాళ్లు ఆగుతుందో ఆ వరస. మొదటి రెండు రోజులు తోటకూర, మెంతికూర, మునగాకు, వానాకాలమైతే పుట్టగొడుగులు. తర్వాత వంకాయ, బెండ, బీర. నాలుగో రోజు నుంచి దొండ, ఆనపకాయ, క్యాబేజీ, టమాటా. చివర్లో గుమ్మడి, కంద, చామ, ఆలు. అరటికాయ మాత్రం ఈ వరసకు లొంగదు, నాలుగో రోజుకే పండటం మొదలవుతుంది, రోజూ నొక్కి చూడాలి. సంతకు ముందురోజు బుట్ట ఖాళీ అవుతుంది కాబట్టి ఆ రోజు ఉలవచారో, ఎండు చేపో, వడియాల పులుసో.

దాచడంలో నాకు నష్టం తెచ్చినవి రెండు. ఆలూ ఉల్లీ ఒకే బుట్టలో పోశాను. ఆలు మొలకలెత్తాయి, ఉల్లి చెమ్మ పట్టింది. వేరు వేరు బుట్టలు, రెంటికీ గాలి తగలాలి, ఆలు మీద వెలుతురు పడకూడదు. రెండోది గుమ్మడి ముక్క. గింజలతో అలాగే ఫ్రిజ్‌లో పెడితే మధ్యలోని పీచు దగ్గర మొదట బంకలా అయింది. ఇంటికి రాగానే గింజలు, పీచు గరిటెతో గీకేసి, కోసిన ముఖం తుడిచి, పొడి గుడ్డ చుట్టాలి. అప్పుడు నాలుగైదు రోజులు భయం లేదు. ఆకుకూరను కడిగి దాచొద్దు. కట్టు విప్పి, మెత్తబడిన ఆకు తీసేసి, పాత కాగితంలో చుట్టి పెట్టి, వండేటప్పుడే కడగాలి.

చివరి రెండు రోజుల తుక్కు ముక్కలకు మా ఊళ్లో దారి ఉంది, దాల్మా. ఒడియావాళ్ల వంటే అయినా ఇక్కడి తెలుగు ఇళ్లలో సాంబారంత మామూలు. కందిపప్పు 150 గ్రాములు అరగంట నానబెట్టి, లీటరు నీళ్లు, అర చెంచా పసుపుతో మూత లేని గిన్నెలో ఉడికించాలి. పప్పు సగం మెత్తబడ్డాక కంద, చామ, అరటికాయ. ఎనిమిది పది నిమిషాలకు గుమ్మడి, బొప్పాయి కాయ. వంకాయ అన్నిటికన్నా చివర. ముక్కలన్నీ కలిపి 600 గ్రాములకు మించొద్దు, మించితే పప్పు రుచే ఉండదు. తొందరకు అన్నీ కుక్కర్‌లో వేసి మూడు విజిళ్లు పెడితే గుమ్మడి కరిగి, కంద పలుకుగా ఉంటుంది. ఆ ముద్దను ఇంట్లో ఎవరూ రెండోసారి వడ్డించుకోరు, అదీ పారబోయడమే. టమాటా, చింతపండు ముందే వేస్తే పులుపుకు పప్పు ఉడకదు, దించే ముందే వేయాలి. బెండ జిగురు, కాకర చేదు, వీటిని ఇందులో కలపొద్దు. పంచ ఫుటణ తాలింపు, అంటే జీలకర్ర, ఆవాలు, మెంతులు, సోంపు, నల్లజీలకర్ర. పైన రెండు చెంచాల జీలకర్ర, మూడు ఎండుమిరపకాయలు వేయించి కొట్టిన పొడి. రుచంతా ఆ పొడిదే.

తొక్కలగిన్నె బరువు కూడా తగ్గింది. బీర పొట్టు, లేత ఆనప తొక్క పచ్చడిలోకి, కొత్తిమీర కాడలు చారులోకి, ముల్లంగి ఆకు పప్పులోకి, గుమ్మడి గింజలు కడిగి ఎండబెట్టి వేయించి పాపకు. పొదుపు పనికిరాని చోట్లూ ఉన్నాయి. ఆనపకాయ కోయగానే చిన్న ముక్క నాలిక మీద పెట్టి చూడాలి. చేదుంటే కాయంతా పారేయాల్సిందే, తాలింపుతో ఆ విషం పోదు. పచ్చబడ్డ ఆలు, బూజు పట్టిన వేరుశనగ గింజలు కూడా అంతే.

కొలత సరిచేశాక కూడా మిగిలే గుప్పెడు అన్నం పఖాళకు, మన చద్దన్నానికి. ఒడిశాలో మార్చి 20న పఖాళ దినం కూడా చేస్తారు. మిగిలిన అన్నాన్ని వేడిగా మూతపెట్టి రాత్రంతా వదిలేయడమే అసలు తప్పు. వండిన గంటలోపు పళ్లెంలో పరిచి ఆరబెట్టి, మునిగేలా నీళ్లు పోసి, మట్టి కుండలోనో స్టీలు గిన్నెలోనో ఉంచాలి. ఎండాకాలం రాత్రి పోస్తే పొద్దుటికి పులుస్తుంది, మధ్యాహ్నానికల్లా తినేయాలి. పుల్లటి వాసన సరైనదే, తీగలా సాగినా కుళ్లు వాసన వచ్చినా పశువుకు కూడా పెట్టొద్దు. నీళ్లు పోయకుండా రాత్రంతా బయట ఉన్న అన్నాన్ని పులిహోరగా మార్చడం నేను మానేశాను. అందులో పెరిగే ఒక రకం క్రిమి వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు.

ధరల సంగతికొస్తే ఇక్కడ కార్తీకం చూసుకోవాలి. ఒడియా ఇళ్లలో చాలామంది నెలంతా, మిగతావాళ్లు చివరి ఐదు రోజుల పంచుకలోనైనా నీచు ముట్టరు. పౌర్ణమి మర్నాడు ఆ నియమం వదిలే ఛడఖాయి, ఊరంతా మాంసం కొట్ల దగ్గరే. ఆ ఒక్కరోజు మేం ఉలవచారు వండుకుని, రెండు రోజులు ఆగి కోడి తెచ్చుకుంటాం.

ఇన్ని చేసినా రెండో గిన్నెలో ఇప్పటికీ పడేది కొత్తిమీర. కట్ట కొంటే సగం పోతోంది, కొనకపోతే చారు చప్పగా ఉంటోంది. వేళ్లు నీళ్లలో ముంచి గ్లాసులో నిలబెడితే నాలుగు రోజులు ఆగుతోంది, ఐదో రోజు పసుపుపచ్చే. ఇప్పుడు ధనియాలు రోకలితో రెండుగా చిట్లగొట్టి, పగిలిన కుండలో మట్టి నింపి చల్లాను. మొలకలు వచ్చేసరికి పది రోజులు దాటింది.