మావయ్య రిమోట్

2024 జూన్‌లో ఎన్నికల ఫలితాలొచ్చిన కొన్నాళ్లకే మా మావయ్య ఇంట్లో ఒక న్యూస్ ఛానల్ మాయమైంది. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర్లో వాళ్లిల్లు. ఆ నంబరు నొక్కితే నల్లటి తెర. మావయ్య రిమోట్ వెనక మూత తీసి, బ్యాటరీలు రెండూ పంచెకి తుడిచి మళ్లీ వేశారు.

"ఏటిరా, ఇది గానీ పోయిందేటి?"

కేబుల్ కుర్రాడికి ఫోన్ చేస్తే "పైనుంచే రాట్లేదు బాబూ" అన్నాడు. ఆ పై ఎంత పైనో చెప్పలేదు.

నాకు సాక్షి టీవీ కథ గుర్తొచ్చింది. 2009లో జగన్ దాన్ని మొదలెట్టినప్పుడు వాళ్ల నాన్నే ముఖ్యమంత్రి. తర్వాత కొడుకు కాంగ్రెస్‌ని వదిలాడు, ఛానలూ సర్కారుకి ఎదురు తిరిగింది. 2016లో కాపు నేత ముద్రగడ దీక్షప్పుడు రాష్ట్రంలో దాని ప్రసారాలు ఆగాయి. 2019లో జగనే ముఖ్యమంత్రి, ఇక ప్రశ్నలన్నీ ప్రతిపక్షానికే. 2024లో జగన్ ఓడాడు, ప్రసారాలు మళ్లీ ఆగాయి. ఒక్క ఆంధ్రాలోనేనా అంటే కాదు. తెలంగాణలో 2014లో టీవీ9, ఏబీఎన్ ఆగిపోయాయి. ఆపింది కేబుల్ ఆపరేటర్లట, నమ్మాలి మరి.

గాలిలో తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాటే మావయ్యకి చెప్పాను.

"ఆస్తయితే మన నంబరు మనకి రావాల కదరా!"

అసలు ఆ ఛానలంటే ఆయనకి పడదు. రోజూ రాత్రి భోంచేస్తూ తిట్టుకోడానికే పెట్టేవారు. ఆ వారమంతా అన్నం దగ్గర ఒక్క మాటా లేదు.