పప్పు ఉడికిన నీళ్లు

శనివారం రాత్రి, గుంటూరు

పొద్దున ఆరింటికి లేచి ఫోన్ చూస్తే మెయిల్ వచ్చి ఉంది. మా చుట్టుపక్కల ఊళ్ల బోరు నీళ్ల మీద నేను రాసిన పరిశోధనా పేపర్ తిప్పి పంపారు. రివ్యూ దాకా కూడా వెళ్లలేదు, ఎడిటర్ దగ్గరే ఆగిపోయింది. ఉత్తరంలో నాలుగు వాక్యాలు. మూడు మర్యాద కోసం రాసినవి, అసలు మాట ఒక్కటే: ఈ ప్రాంతంలో నీళ్లు ఎలా ఉన్నాయో చెప్పారు, ఎందుకలా ఉన్నాయో చెప్పలేదు, కాబట్టి మా పత్రిక పరిధిలోకి రాదు.

రెండేళ్ల పని అది. అరవై రెండు బోర్లు, ఎండాకాలం ఒకసారి, వానలయ్యాక ఒకసారి. మే నెల ఎండలో సీసాల సంచి భుజాన వేసుకుని ఊళ్లు పట్టుకు తిరిగాను. డాబా మీదకెళ్లి కాసేపు ఏడ్చాను. తర్వాత మా గైడ్ గారికి ఫోన్ చేశాను. "ఇప్పుడు చదవకమ్మా. టిఫిన్ చేసి, మనసు కుదుటపడ్డాక ఇంకోసారి చదువు" అన్నారు.

బ్రాడీపేటలో ఇడ్లీ తిని వచ్చి చదివాను. ఎడిటర్ మాటే నిజం అనిపించింది. ఆ సంగతి ఒప్పుకోవడానికి మధ్యాహ్నం దాకా పట్టింది.

నా పేపర్లో ఏముంది? నీళ్లలో కరిగిన లవణాలను బట్టి ఒక్కో నమూనాను ఒక్కో చుక్కగా చూపే పటాలు రెండు, 1944 నాటి పైపర్ డయాగ్రమ్, 1970 నాటి గిబ్స్ డయాగ్రమ్, ఆ తర్వాత నీటి నాణ్యత సూచిక, చివర్లో మ్యాపు. భూగర్భజలాల మీద మన దగ్గర వచ్చే చాలా పేపర్లది ఇదే వరస. ఊరి పేరు మారుతుంది, అంకెలు మారతాయి, వాక్యాలు మారవు. ఆ డయాగ్రమ్‌ల తప్పేమీ లేదు. ఆ చుక్క అక్కడే ఎందుకు పడిందని నేను అడగలేదు, తప్పు అక్కడుంది.

ఇంకేం తోచక జియోకిమికా ఎట్ కాస్మోకిమికా ఆక్టా అనే భూరసాయన శాస్త్ర పత్రిక పాత సంచికలు తెరిచాను. నన్ను తిప్పి పంపింది ఈ పత్రిక కాదు. దీనికి పంపే ధైర్యం నాకింకా రాలేదు. 1950లో మొదలైంది. పేరులోనే భూమీ ఆకాశమూ రెండూ ఉన్నాయి. 2025 జనవరి నుంచి ప్రభుత్వమే చందా కట్టి పరిశోధనా పత్రికలు అందించే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం వచ్చాక చదువుకోవడం తేలికైంది. అంతకుముందు ఒక్కో పేపరు కోసం ఎవరెవరినో బతిమాలుకునేవాళ్లం.

భూమి వయసు 455 కోట్ల సంవత్సరాలని ఉల్కల్లోని సీసం (లెడ్) కొలిచి అమెరికా శాస్త్రవేత్త క్లెయిర్ ప్యాటర్సన్ చెప్పింది ఈ పత్రికలోనే, 1956లో. మొత్తం ఎనిమిది పేజీలు. ఆ కొలతలకు ఆయనకు పెద్ద అడ్డంకి రాయి కాదు, ల్యాబ్‌లోని సీసమే. గాలిలో, దుమ్ములో, పాత్రల్లో, ఎక్కడ చూసినా సీసమే. అదెక్కడి నుంచి వస్తోందని వెంటపడి, చివరికి పెట్రోల్లో కలిపే సీసం మీద పోరాడాడు. మన దేశంలో ఆ పెట్రోలు ఆగింది 2000లో. భూమి పుట్టినరోజు వెతుకుతూ బయల్దేరిన మనిషి పిల్లల రక్తంలోని సీసం దాకా వెళ్లాడు. ఈ కథ తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

తర్వాత చంద్రుడి మీద నుంచి అపోలో 11 తెచ్చిన రాళ్లు. వాటి మీద జరిగిన సదస్సు పేపర్లు 1970లో ఈ పత్రికకే అనుబంధంగా వచ్చాయి. ఇటీవలి సంచికలు తిరగేస్తుంటే ప్రశ్నలు మళ్లీ మారినట్టు తెలుస్తుంది. ఇనుము, జింకు, లిథియం లాంటి మూలకాల ఐసోటోపుల్లో, అంటే ఒకే మూలకంలో బరువు వేరుగా ఉండే పరమాణువుల్లో, అతి చిన్న తేడాలను పట్టుకునే మాస్ స్పెక్ట్రోమీటర్లు వచ్చాక, ఆ తేడాలతోనే సముద్రాల చరిత్ర, రాళ్ల చరిత్ర రాస్తున్నారు. రాళ్లు శిథిలమవుతూ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను ఎంత పట్టుకుంటాయి, బసాల్ట్ (లావా గడ్డకట్టిన నల్లరాయి) పొడి పొలాల్లో చల్లితే ఆ పని వేగం అవుతుందా, ఇది ఇప్పుడు పెద్ద ప్రశ్న. మన కృష్ణమ్మ దక్కన్ బసాల్ట్ మీదుగానే వస్తుంది కదా, ప్రకాశం బ్యారేజీ దగ్గర నిలబడితే ఆ రాళ్లు కరిగిన నీళ్లే మన ముందు ఉంటాయి. కొలతల పట్టికలను అందరూ చూడగలిగేలా డేటా నిల్వల్లో పెట్టమని పత్రికలు గట్టిగా అడగడం కూడా పెరిగింది. ఇది మంచి మార్పు.

ఒక్క విషయం మాత్రం బాధ పెడుతుంది. పెద్ద పరికరం ఎక్కడుంటే ప్రశ్నలూ అక్కడి నుంచే వస్తున్నాయి. మా ల్యాబ్‌లో ఉన్నవి పీహెచ్ మీటరు, ఫ్లేమ్ ఫోటోమీటరు, బ్యూరెట్లు, ఒక ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్. వీటితో 'ఎందుకు' అని అడగడం కుదరదేమోనని మధ్యాహ్నం దాకా అనుకున్నాను.

మధ్యాహ్నం బస్సెక్కి పిన్ని వాళ్ల ఊరు వెళ్లాను. సత్తెనపల్లి రోడ్డులో గంట ప్రయాణం. ఎప్పటినుంచో రమ్మంటోంది, ఇవాళ ఎవరో ఒకరి దగ్గర కూర్చోవాలనిపించింది. వెళ్లేసరికి పప్పు దించుతోంది.

"పాత బోరు నీళ్లలో ఎన్ని విజిల్స్ వేయించినా కందిపప్పు బద్దలు బద్దలుగానే ఉండేదమ్మా. ఇప్పుడు కొత్త బోరు వేయించాం కదా, రెండు విజిల్స్‌కి వెన్నలా అయిపోతోంది. నీళ్లు కూడా తియ్యగా ఉన్నాయి. టిన్ను నీళ్లు మానేశాం" అంది పిన్ని.

ముద్ద నోటి దగ్గరే ఆగింది. పాత బోరు ఎంత లోతు, కొత్తది ఎంత అని అడిగాను. కొత్తది దాదాపు మూడింతలు లోతు.

పిన్ని వంటగదిలో టీ గిన్నె ఒకటుంది, పాత బోరు కాలం నాటిది. లోపల అంచు చుట్టూ తెల్లటి గార, గోటితో గీకితే పొరలుగా లేస్తుంది. నిమ్మచెక్క పిండితే సన్నగా చుయ్యిమని నురగ వచ్చింది. అది కాల్షియం కార్బొనేట్. పాత బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. అవి పప్పులోని పెక్టిన్‌ను, అంటే బద్దను అతికించి ఉంచే జిగురు లాంటి పదార్థాన్ని, పట్టుకుని బిగించేస్తాయి, అందుకే బద్ద మెత్తబడదు. లోతుకు దిగే నీళ్లు బంకమట్టి పొరల గుండా ఏళ్ల తరబడి పోతాయి. ఆ మట్టి నీటిలోని కాల్షియాన్ని పట్టుకుని బదులుగా సోడియాన్ని వదులుతుంది. నీళ్లు మెత్తబడతాయి, పప్పు ఉడుకుతుంది. కానీ ఎక్కువైతే ఎముకలను పాడుచేసే ఫ్లోరైడ్‌ను కాల్షియం ఉన్నంతవరకూ అది కట్టేసి ఉంచుతుంది. కాల్షియం తగ్గితే రాళ్లలోని బయొటైట్, అపటైట్, ఫ్లోరైట్ లాంటి ఖనిజాల నుంచి వచ్చే ఫ్లోరైడ్ నీటిలోనే ఉండిపోతుంది. బైకార్బొనేట్ ఎక్కువైతే ఇంకా తోడవుతుంది. అంటే పప్పు బాగా ఉడికే బోరునే ముందు అనుమానించాలి.

నా అరవై రెండు బోర్లలో ఈ మెత్తటి నీళ్లవి ఎన్నో ఉన్నాయి. అంకెలన్నీ నా దగ్గరే ఉన్నాయి. సోడియం ఒక పట్టికలో, ఫ్లోరైడ్ ఇంకో పట్టికలో, బోరు లోతు నోటు పుస్తకంలో. ఆ మూడింటినీ నేను ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూడలేదు. ఎడిటర్ అడిగిన 'ఎందుకు' అదే.

ఈ సంగతి మనకు కొత్త కాదు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా ఊళ్లలో ఎముకలు బిగుసుకుపోయిన మనుషులను చూసి, ఇది నీటిలోని ఫ్లోరైడ్ వల్లేనని వైద్యులు 1937లోనే రాశారు. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాముకు మించకూడదని, వేరే దారి లేకపోతే 1.5 దాకా పర్వాలేదని మన భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం. రుచి చూసి ఈ తేడా ఎవరూ చెప్పలేరు. ఫ్లోరైడ్ నీళ్లు తియ్యగానే ఉంటాయి.

సంచిలో సీసాలు ఎప్పుడూ ఉంటాయి. రెండు బోర్లూ పది నిమిషాలు నడిపించి, ప్లాస్టిక్ సీసాలను అవే నీళ్లతో మూడుసార్లు తొలిచి, గాలి బుడగ మిగలకుండా మూత దాకా నింపాను. పిన్ని గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉంది.

"ఏందమ్మా, మా నీళ్లల్లో ఏమన్నా ఉందా?"

"తెలీదు పిన్నీ. కొలిస్తే గానీ చెప్పలేను."

"మరి పప్పు అంత బాగా ఉడుకుతోందే!"

ఆ మాటకు ఏం చెప్పాలో తెలీలేదు. పెట్టిన పప్పంతా తిన్నాను.

వచ్చేటప్పుడు బస్సులో గైడ్ గారికి అంతా చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "అరవై రెండు బోర్ల లోతులు నీ దగ్గర రాసి ఉన్నాయా?" అని అడిగారు. ఉన్నాయన్నాను. "అయితే మళ్లీ కొత్తగా రాయమ్మా" అన్నారు. ముందు అయాన్ల (నీటిలో కరిగి విద్యుదావేశంతో ఉండే కణాల) లెక్క చూసుకోమన్నారు, ధన రుణ ఆవేశాల తేడా ఐదు శాతం దాటిన నమూనా ఏదైనా సరే తీసేయమన్నారు. ఎక్కడికి పంపాలో తర్వాత చూద్దామన్నారు. జియోకెమికల్ పర్‌స్పెక్టివ్స్ లెటర్స్ లాంటి పత్రికలు రాసేవాళ్ల దగ్గరా చదివేవాళ్ల దగ్గరా డబ్బు తీసుకోవు. ఆ ఊళ్లలో డిగ్రీ చదివే పిల్లలు కూడా తెరిచి చదవగలిగే చోట రావాలని నా కోరిక.

రూముకి వచ్చి సీసాలు ఫ్రిజ్‌లో పెట్టాను. ఒకదాని మీద 'పాత', ఇంకోదాని మీద 'కొత్త', కింద తేదీ, లోతు. రేపు ఆదివారమైనా ల్యాబ్ తాళం ఇస్తామన్నారు, పదింటికి ఎలక్ట్రోడ్ పెడతాను.

ఇప్పుడే పిన్నికి ఫోన్ చేశాను. రేపు సాయంత్రం దాకా తాగడానికీ వంటకీ టిన్ను నీళ్లే వాడమన్నాను. "పప్పుకి కూడానా?" అంది. పప్పుకి కూడా అన్నాను.