ఇంటిపేరులో ఒక్క అక్షరం

సీఏ (చార్టర్డ్ అకౌంటెన్సీ) కోర్సులో రెండో దశ అయిన ఇంటర్ గట్టెక్కి, విజయవాడలో ఆడిటర్ దగ్గర పని నేర్చుకునే ఆర్టికల్‌షిప్‌లో చేరాను. మొదటి ఏడాది స్టైపెండ్ నెలకు 3,000. హాస్టల్‌కే చాలేది కాదు. సీఏ కోర్సు నడిపే సంస్థ ఐసీఏఐ ఇచ్చే స్కాలర్‌షిప్‌లంటే ర్యాంకర్లకే అనుకున్నాను. ఆర్థిక ఇబ్బంది ఉన్నవాళ్లకీ ఇస్తారని సీనియర్ అక్క చెప్పాకే తెలిసింది.

దరఖాస్తు కోసం నాన్న గుడివాడలో మీసేవకెళ్లి ఆదాయ ధ్రువపత్రం తెచ్చారు. తీరా చూస్తే ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు! కుట్టుమిషన్ ఆపి మళ్లీ రెండు రోజులు తిరిగారు. కొత్త కాగితం మడత పడకుండా పాత క్యాలెండర్ అట్టల మధ్య పెట్టి, బస్సులో తనే తెచ్చిచ్చారు.

స్కాలర్‌షిప్ డబ్బు పడిన రోజు ముందు ఆయనకే ఫోన్ చేశాను. "సీఏ ఫైనల్ పుస్తకాలు కొనుక్కో అమ్మా" అన్నారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ర్యాంకు రాలేదని ఆగిపోకండి. ఐసీఏఐలో విద్యార్థుల చదువు సంగతులు చూసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ ప్రకటనలు చూస్తూ ఉండండి. కాగితాల్లో పేర్లు ఇప్పుడే సరిచూసుకోండి.