అమ్మ కంట్లో చందమామ

ఈరోజు అమ్మను హన్మకొండలో కంటి డాక్టర్‌కు చూపించాను. అమ్మకు షుగర్ వచ్చి పదకొండేళ్లు. అద్దాలు పెట్టుకుంటే సూదిలో దారం కూడా తనే ఎక్కిస్తుంది. అందుకే "నాకేమైంది బిడ్డా, ఉత్తగ పైసలు దండుగ" అని పొద్దున్నుంచీ అంటూనే ఉంది.

చుక్కల మందు వేసి అరగంట కూర్చోబెట్టారు. కంటిపాపలు పెద్దవయ్యాక మిషన్‌కు గడ్డం ఆనించమన్నారు. ఒక్క మెరుపు మెరిసింది, పక్కన స్క్రీన్ మీద అమ్మ కంటి లోపలి ఫోటో వచ్చేసింది.

అలాగే చూస్తుండిపోయాను. నారింజ రంగు వలయం, ఒక పక్కన లేత పసుపులో చిన్న చందమామ, అందులోంచి పుట్టి నలువైపులా పాకిన ఎర్రటి కొమ్మలు. చిన్నప్పుడు రావి ఆకును నీళ్లలో నానబెట్టి, పచ్చదనమంతా పోయి ఈనెలు మిగిలాక నోటుబుక్కులో దాచుకునేవాళ్లం. అచ్చం అలా ఉంది. సన్నగా, లేత ఎరుపులో ఉన్నవి ధమనులనీ, కాస్త లావుగా, ముదురుగా ఉన్నవి సిరలనీ డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. ఎక్కడా కోయకుండా ఒంట్లోని రక్తనాళాలను నేరుగా ఇంత బాగా చూడగలిగేది కంట్లోనేనట. ఆ చందమామ దగ్గర సుమారు పది లక్షల నరపు పోగులు ఒక్క కట్టగా మెదడు వైపు వెళ్తాయి. వెలుగును పట్టే కణాలు అక్కడ ఉండవు. చూపునంతా మోసుకెళ్లే ఆ చోటికే చూపు లేదు!

తర్వాత ఆమె పెన్ను కొనతో మూడు ఎర్రటి చుక్కలు చూపించింది. షుగర్ వల్ల సన్న నాళాల గోడలు బలహీనపడి అక్కడ బుడిపెల్లా ఉబ్బాయట. ఇప్పుడే ఇంజక్షన్లు, లేజర్ అక్కర్లేదు, షుగర్, బీపీ అదుపులో పెట్టుకుని ఏడాదిలోపు మళ్లీ రమ్మంది. నాకు టెన్షన్ తగ్గలేదు. చూపు మసకబారకుండానే ఇది మొదలైపోతుంది. అమ్మ మాట విని ఇంకో రెండేళ్లు ఆగి ఉంటే?

ఆటోలో ఎండకు ఓర్చుకోలేక అమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది. ఇంటికొచ్చి ఈ ఫోటోల సంగతి చదువుతూ కూర్చున్నాను. కంట్లోకి వెళ్లిన వెలుగులో కొంత వచ్చిన దారినే తిరిగి బయటికి వస్తుంది. దాన్ని చూద్దామని ఎదురుగా తల పెడితే ఆ తలే దీపానికి అడ్డం. అందుకే కంటిపాప మనకు నల్లగా కనిపిస్తుంది. జర్మనీ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ గాజు పలకలను ఏటవాలుగా అమర్చి, దీపం వెలుగును కంట్లోకి మళ్లించి, ఆ పలకల గుండానే లోపలికి చూశాడు. 1851లో ఆ పరికరం గురించి లోకానికి చెప్పాడు. ఇంత చిన్న ఉపాయం!

అప్పుడే గుర్తొచ్చి పాత ఆల్బమ్ తీశాను. సద్దుల బతుకమ్మ రాత్రి పద్మాక్షి గుండం దగ్గర తీసిన ఫోటోలో అమ్మ కళ్లు ఎర్రగా మెరుస్తుంటాయి. ఫోటో చెడిపోయిందని ఇన్నేళ్లూ అనుకున్నాం. చీకట్లో పాపలు విప్పారి ఉన్నప్పుడు ఫ్లాష్ పడితే, కంటి వెనక గోడలోని రక్తం రంగే అలా తిరిగొస్తుందట. పొద్దున స్క్రీన్ మీద చూసిన ఎరుపు అప్పటికే మా బీరువాలో ఉంది.

అమ్మ పక్కన కూర్చుని ఇదంతా చెప్పాను. ఆల్బమ్ చేతికిస్తే మొహానికి దగ్గరగా పెట్టుకుని, మళ్లీ దూరం జరిపింది. మందు ఇంకా దిగలేదు.

"అంతా అలుక్కుపోయినట్టున్నది బిడ్డా. ఆడనే పెట్టు, రేపు పొద్దున చూస్త."