తొక్కే కదా అని పారేయకండి

విశాఖ ఎంవీపీ రైతుబజార్ నుంచి బత్తాయిలు తెచ్చారా? తొక్కలు చెత్తబండికి వేయకండి, పులియబెట్టి నేల తుడిచే ద్రావణం చేసుకోవచ్చు. 300 గ్రాముల తొక్కలు, 100 గ్రాముల బెల్లం, లీటరు నీళ్లు కలిపి 2 లీటర్ల ప్లాస్టిక్ సీసాలో పోయండి, పైన ఖాళీ ఉండాలి. గాజుసీసా వద్దే వద్దు, గ్యాస్ ఎక్కువైతే పగులుతుంది. మొదటి నెల రోజూ మూత తిప్పి బుస్సుమనిపించి మళ్లీ బిగించాలి. 3 నెలలకు వడకట్టుకోవచ్చు, పుల్లటి వాసన వస్తుంది. పైన తెల్లటి పొర కడితే కంగారొద్దు. నల్లబూజు పట్టి కంపు కొడితే మాత్రం పారబోయడమే. బకెట్ నీళ్లకు రెండు మూతలు కలిపి టైల్స్ తుడవండి. మార్బుల్ మీద వద్దు, పులుపుకి మెరుపు పోతుంది.

తొక్కలు ఎండబెట్టి పొడి చేయాలంటే మన విశాఖ గాలితోనే పేచీ. డాబా మీద రెండ్రోజులకి ఎండినట్టే ఉంటుంది, సాయంత్రం సముద్రపు తేమకి మళ్లీ మెత్తబడుతుంది. మూకుట్లో సన్నసెగ మీద వేడిచేసి విరిస్తే ఫట్‌మనాలి. లేదంటే పొడి ఉండకట్టి బూజు పడుతుంది.

తినడానికైతే కమలా తొక్క పచ్చడి. పీచు, విటమిన్ సి ఉంటాయి నిజమే గానీ, ఉప్పునీళ్లలో ఉడికించి ఆ నీళ్లు వంపేస్తేనే చేదు తగ్గుతుంది; కొంత విటమిన్ కూడా వాటితోనే పోతుంది. తళతళలాడే మైనం పూత పళ్లయితే తొక్క జోలికి పోకండి.