వరద తర్వాత మొదటి ఆదివారం: నా అనుభవం

2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, కృష్ణ రెండూ పొంగి రాజోలి, అలంపురం వైపు ఊళ్ళను ముంచాయి. ఈ రెండు నదుల నడుమనున్న నడిగడ్డలో వరద మాటెత్తితే ఇప్పటికీ ఆ ఏడాదే గుర్తుకొస్తుంది. నీళ్ళు తీశాక వచ్చే మొదటి ఆదివారం చర్చిలో ఆరాధనను పాస్టరుగా నేనెలా నడుపుతానో చెబుతాను.

వాక్యం, అంటే ప్రసంగం, పది నిమిషాలు దాటనివ్వను. దాటితే కారణాలు వెతకడం మొదలవుతుంది. "ఎవరి పాపానికి వచ్చింది?" అని ఎవరో ఒకరు అడగనే అడుగుతారు, అందుకే ముందే లూకా సువార్త 13వ అధ్యాయం తీస్తాను. సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయారు. మిగతా యెరూషలేము వాళ్ళకంటే వాళ్ళు పెద్ద పాపులేమీ కారని యేసు తేల్చేశాడు. ఆ వెంటనే మారుమనస్సు పొందకపోతే మీరూ నశిస్తారన్న మాట ఉంది, నిజమే. అది ఎదురుగా నిలబడి వింటున్నవాళ్ళతో అన్నది. మనోళ్ళు దాన్ని ఇల్లు కూలినవాళ్ళ మీదికి తిప్పుతారు.

అంతకంటే ప్రమాదం సాక్ష్యాలు. "మా ఇంటి గడప దాకా వచ్చి ఆగింది, దేవుడు కాపాడాడు" అని ఒకరు లేస్తారు. పక్క చాప మీద కూర్చున్నామె ఇల్లు గోడలతో సహా పోయి ఉంటుంది. మరి ఆమెను కాపాడలేదా? ఆ వారం సాక్ష్యాలు ఆపేస్తాను, పెద్దలకు శనివారమే చెప్పి పెడతాను.

కీర్తన 69లో 1 నుంచి 17 దాకా చదివిస్తాను. బురదలో కాలు నిలవనివాడి మొర అది. 22 నుంచి శాపాలు వస్తాయి, అవి వద్దు. తర్వాత 88. అది చీకటితోనే ముగుస్తుంది. చదివాక డోలక్ అందుకోబోతారు, ఆపాలి. రెండు మూడు నిమిషాలు ఏడ్చేవాళ్ళను ఏడవనివ్వాలి. దేవుడే ఆశ్రయమని చెప్పే 46వ కీర్తన వచ్చే వారానికి.

కానుకల వేళ అపొస్తలుల కార్యములు 11వ అధ్యాయం. కరువు వస్తుందని అగబు అనే ప్రవక్త చెబితే అంతియొకయ సంఘం వాళ్ళు ఎందుకొస్తుందని చర్చ పెట్టలేదు. ఎవరి శక్తి కొద్దీ వాళ్ళు వేసుకుని బర్నబా, సౌలు చేతికిచ్చి యూదయకు పంపారు. మేమూ లెక్క ఇద్దరి చేతుల్లోనే ఉంచుతాం. బియ్యం జాబితా వీధి వరసన రాస్తాం, సంఘం పుస్తకం చూసి కాదు. బియ్యం ఇచ్చే చోట ప్రార్థన కూడా పెట్టం, తీసుకునేవాళ్ళకు అది షరతులా కనిపిస్తుంది.

మధ్యాహ్నం బావి పని. ముందు మోటారుతో బురద నీళ్ళు తోడెయ్యాలి, తర్వాత వేసే బ్లీచింగ్ పౌడరులోని క్లోరిన్‌ను బురద మింగేస్తుంది. నాలుగు మీటర్ల వెడల్పు గుండ్రటి బావిలో మూడు మీటర్ల లోతు నీళ్ళుంటే దాదాపు 37,700 లీటర్లు. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల బ్లీచింగ్ పౌడరు చొప్పున 95 గ్రాములు పడుతుంది. బకెట్‌లో కలిపి, సున్నం అడుక్కి దిగాక తేట మాత్రమే బావిలో పోసి, బొక్కెనతో కిందికీ పైకీ కలియబెట్టాలి. గంట దాకా ఎవరూ తోడకూడదు. గంట తర్వాత కూడా క్లోరిన్ వాసన బొత్తిగా రాకపోతే నీళ్ళలో ఇంకా మురికి ఉందనో, మూతి తెరిచి ఉంచిన బస్తాలో పౌడరు చెమ్మకు చచ్చిందనో అనుకోవాలి. కొత్త బస్తా విప్పి ఇంకోసారి వెయ్యాల్సిందే.