కేప్‌టౌన్ దాకా వెళ్ళలేదు, కసానేలోనే వెనక్కి తిరిగాం

టాంజానియాలోని దార్-ఎస్-సలామ్‌లో ఉద్యోగానికి వచ్చిన మొదటి ఏడాదే అనుకున్నాం, ఎప్పటికైనా మా కారులోనే కేప్‌టౌన్ చూసి రావాలని. ఆరేళ్ళకి, మొన్న జూన్‌లో, 24 రోజుల సెలవు దొరికింది. ఒకవైపే దాదాపు 5,000 కిలోమీటర్లు. రానూపోనూ లెక్కేస్తే రోజూ 400 తగ్గకుండా నడపాలి. హైదరాబాద్-విజయవాడ రోడ్డు మీద తిరిగినవాణ్ణి కదా, అదేం పెద్ద దూరం అనిపించలేదు.

మొదటి రోజే తెలిసొచ్చింది. మొరొగొరో దాటాక హైవే మికుమి నేషనల్ పార్కు మధ్యలోంచి దాదాపు 50 కిలోమీటర్లు పోతుంది. పక్కనే జిరాఫీ నిలబడి ఆకులు మేస్తుంటే ఆగకుండా ఎవరు వెళ్తారు? ఊళ్ళలో స్పీడు 50 దాటకూడదు. నేను 58లో దొరికి 30,000 షిల్లింగులు కట్టాను, తప్పు నాదే.

రువాహా ఎంబుయుని దగ్గర కొండల నిండా లావాటి మొదళ్ళ బావోబాబ్ చెట్లు. గోల్కొండ నయాఖిల్లాలో అలాంటి ఒక్క చెట్టు కోసం పనిగట్టుకుని వెళ్ళినవాళ్ళం మేము. రోడ్డు పక్కన వలసంచుల్లో ఎర్ర ఉల్లిపాయలు అమ్ముతున్నారు. ఒక పెద్దాయన ఒక ఉల్లిపాయ పొట్టు ఒలిచి కిటికీలోంచి మా ఆవిడ చేతిలో పెట్టాడు. ఇంకా పొలం మట్టి వాసన వస్తోంది. చీకటి పడకముందే ఇరింగా చేరాలని కొనకుండానే కారు కదిలించాను. ఆ పైన కిటోంగా ఘాట్‌లో లారీల వెనక నడక వేగంతో ఎక్కాం. మలుపు ముందు రోడ్డు మీద చెట్టుకొమ్మలు పరిచి ఉంటే అవతల లారీ ఆగిపోయిందని గుర్తు. మన దగ్గరా అంతే కదా.

జాంబియాలోకి దాటే తుందుమా సరిహద్దులో మా ప్లాన్ పూర్తిగా తలకిందులైంది. కాంగో, జాంబియా గనుల రాగి దార్ రేవుకి వచ్చేది ఎక్కువగా ఈ దారినే, అందుకే కిలోమీటర్ల కొద్దీ లారీలు. కారు కాగితాలు, ఎల్లో ఫీవర్ టీకా కార్డు, పక్క దేశంలో చెల్లే ఇన్సూరెన్స్, అన్నీ ఉన్నాయి. అయినా కార్బన్ టాక్స్ ఒకచోట, రోడ్డు టోల్ ఇంకోచోట కట్టేసరికి పొద్దు గూకింది. టెన్షన్‌తో తల పగిలిపోతోంది. అక్కడ నాలుగు రోజులుగా కదలని ఒక లారీ డ్రైవరు, బండి నీడలో బొగ్గుల కుంపటి మీద టీ కాస్తున్నాడు. మమ్మల్ని పిలిచి, అల్లం దంచి వేసిన ఆ టీ రెండు గ్లాసుల్లో పోసి "పోలే" అన్నాడు. స్వాహిలీలో అది "అయ్యో పాపం" లాంటి మాట. నాలుగు రోజులుగా ఆగిపోయిన మనిషి ఒక్కరోజు ఆగిన నన్ను ఓదారుస్తున్నాడు.

జాంబియాలో లుసాకా దాకా ఇంకో వెయ్యి కిలోమీటర్లు, గుంతల రోడ్డు. ఎంపికాలో మధ్యాహ్నం ఎన్షిమా తిన్నాం. మొక్కజొన్న పిండి ముద్ద, దానికి పల్లీల పొడి వేసి వండిన ఆకుకూర. మా ఆవిడ వేళ్ళతో ముద్ద నొక్కి చూసి "రంగు తేడా గానీ మన సంకటే" అంది.

పదో రోజుకి కజుంగులా వంతెన దాటి బోట్స్వానాలో అడుగుపెట్టాం. 2021 మేలో తెరిచిన ఈ వంతెన పొడవు 923 మీటర్లు, జింబాబ్వే నేల మీదికి పోకుండా వంపు తిరిగి ఉంటుంది. అంతకుముందు ఇక్కడ జాంబెజీ దాటాలంటే బల్లకట్టే దిక్కు, లారీలు రోజుల తరబడి పడిగాపులు కాసేవి.

ఆ రాత్రి, వంతెన దాటాక వచ్చే కసానే ఊళ్ళో మళ్ళీ లెక్క వేశాను. కేప్‌టౌన్‌కి ఇంకా అయిదారు రోజులు. "ఏమండీ, అక్కడ సముద్రం ముందు ఫొటో దిగి మర్నాడే బయల్దేరాలి. దానికోసమా?" అంది మా ఆవిడ. ఆరేళ్ళ కోరిక, నిద్ర పట్టలేదు. తెల్లారాక రూము మరో నాలుగు రోజులకి పొడిగించాను. ఆ సాయంత్రం చోబే నదిలో ఏనుగులు తొండాలు పైకెత్తి, పిల్లని మధ్యలో పెట్టుకుని సెడూడు దీవికి ఈదుతుంటే చీకటి పడేదాకా కదల్లేదు.

ఇంత దూరం కారులో వెళ్ళడం అవసరమా అని అడిగేవాళ్ళకి నేను గట్టిగా అవుననే చెబుతున్నాను. కాకపోతే మూడు వారాలే ఉంటే జాంబియాలో లివింగ్‌స్టన్, ఇటు కసానే చూసి తిరిగి రండి. కేప్‌టౌన్ అయితే మూడు నెలలైనా చేతిలో పెట్టుకోండి.

తిరుగు ప్రయాణంలో రువాహా ఎంబుయునిలో ఆగాం. ఆ పెద్దాయన మమ్మల్ని గుర్తుపట్టాడు. చెట్టు కింద బల్ల మీద కూర్చోబెట్టి, బస్తా విప్పి, ఒక్కో ఉల్లిపాయా మా ఆవిడ చేతే ఏరించాడు.